చందా కట్టిన చదువు: మన సైన్సు లైబ్రరీల నూరేళ్లు

విశ్వవిద్యాలయంలో ఎన్ని లైబ్రరీలున్నా సైన్సు లైబ్రరీ తీరు వేరు. తెలుగు శాఖలో పనిచేసేవారికి యాభై ఏళ్ల నాటి పుస్తకం చేతిలో ఉంటే పని సాగిపోతుంది. చరిత్ర శాఖవారికైతే ఎంత పాతదైతే అంత మేలు. రసాయన శాస్త్రంలో పరిశోధన చేసేవారికి పోయిన నెల జర్మనీలో ఎవరో అచ్చువేసిన నాలుగు పేజీలూ కావాలి, 1890లో ఇంకెవరో అచ్చువేసిన నాలుగు పేజీలూ కావాలి. ఈ రెంటిలో ఏది దొరక్కపోయినా చిక్కే. ఎవరో ఎప్పుడో తేల్చేసిన సంగతి మీద రెండేళ్లు కష్టపడి, చివర్లో ఆ ముక్క తెలిసి తల పట్టుకున్న స్కాలర్లు ప్రతి డిపార్టుమెంటులోనూ ఉంటారు. అందుకే సైన్సు లైబ్రరీ ప్రాణం పుస్తకాల్లో కన్నా జర్నళ్లలో ఉంటుంది. జర్నల్ అంటే చందా. చందా అంటే ఏటేటా తప్పకుండా కట్టాల్సిన డబ్బు, అదీ చాలావరకు డాలర్లలోనో పౌండ్లలోనో.

ఈ నూరేళ్లలో మన సైన్సు లైబ్రరీల్లో మారనిది లేదు. కార్డు కేటలాగు పోయింది, మైక్రోఫిల్ము వచ్చి పోయింది, జిరాక్సు వచ్చింది, సీడీలు వచ్చి పోయాయి, ఇప్పుడు అంతా తెర మీదే. ఆ మార్పులన్నిటినీ వెనక్కి తిరిగి చూస్తే నాకు ప్రతి మలుపులోనూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది. చందా ఆగిన రోజున అరల్లో ఏం మిగులుతుంది? 1942లోనూ 1966లోనూ 1991లోనూ ఆ ప్రశ్నకు జవాబు ఒకటే. ఇవాళ మాత్రం జవాబు మారింది. ఆ మార్పును మనం పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదని నా బాధ.

సైన్సు జర్నల్ అనేది 1665 మార్చిలో లండన్‌లో పుట్టింది. రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ తనకు నాలుగు మూలల నుంచీ వచ్చే ఉత్తరాల్లోని సంగతులను నెలనెలా అచ్చువేసి ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. మన దేశానికి ఆ సంప్రదాయం బయటి నుంచే వచ్చినా, జర్నళ్లు అందరికీ అందాలన్న పట్టుదలకు సంబంధించిన కథ ఒకటి మన గుత్తిలో మొదలైంది.

1906 డిసెంబరులో అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్‌కు గణితం అంటే పిచ్చి ప్రేమ. కొత్త గణిత గ్రంథాలు, విదేశీ పత్రికలు చూద్దామంటే చుట్టుపక్కల ఎక్కడా దొరకవు. ఒక్కరు కొనాలంటే తలకు మించిన ఖర్చు. తలా కొంత వేసుకుని తెప్పించుకుందాం, ఒకరు చదివాక ఇంకొకరికి పోస్టులో పంపుకుందాం అని మిత్రులకు ఉత్తరం రాశారు. 1907 ఏప్రిల్‌లో అది అనలిటిక్ క్లబ్ అనే సంఘం అయింది. కొంతకాలానికి అదే ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ. పుస్తకాలను పుణె ఫెర్గూసన్ కాలేజీలో ఉంచేవారు, పత్రికలు తపాలాలో సభ్యుల మధ్య తిరిగేవి. రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం 1911లో ఈ సంఘం పత్రికలోనే వచ్చింది. ఈ రోజున కన్సార్షియం అని పిలుస్తున్న ఏర్పాటు, అంటే పదిమంది కలిసి చందా కట్టి పదిమందీ చదువుకోవడం, విశ్వవిద్యాలయాల కన్నా ముందే ఒక తాలూకా ఊళ్లోని ఉద్యోగి మనసులో తట్టిందన్నమాట. గుత్తి అంటే కోట ఒక్కటే గుర్తుకొచ్చేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

బెంగళూరులో టాటాల దాతృత్వంతో 1909లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ రెండేళ్లకే, 1911లో, లైబ్రరీ తెరిచింది. దక్షిణాదిలో ఏ శాస్త్రవేత్తకు ఏ పాత సంపుటం కావాలన్నా మొదట గుర్తుకొచ్చే చోటు చాలా దశాబ్దాల పాటు అదే. రైలెక్కి బెంగళూరు వెళ్లి, నోటుబుక్కుల నిండా రాసుకుని తిరిగొచ్చిన స్కాలర్లు మన విశ్వవిద్యాలయాల్లో ఎందరో.

లైబ్రరీలో సరుకు ఉండడం ఒక ఎత్తు, అది చదివేవాడి చేతికి రావడం ఇంకో ఎత్తు. ఈ రెండోదాన్ని పట్టించుకున్నవాడు ఎస్.ఆర్. రంగనాథన్. ఆయన గణితం మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయన్ని లైబ్రేరియన్‌గా వేసుకుంది. వచ్చేవాడు లేక, చేసే పని లేక విసుగెత్తి, నన్ను మళ్లీ పాఠాలు చెప్పుకోనివ్వండని పాత ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాడు. ముందు లండన్ వెళ్లి ఆ చదువేదో చదివి రా, అప్పటికీ ఇష్టం లేకపోతే చూద్దాం అన్నారాయన. లండన్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా లైబ్రరీలు చూసి 1925లో తిరిగొచ్చిన మనిషి మళ్లీ పాఠాల మాట ఎత్తలేదు. తాళాలు తీయించి, పాఠకులను నేరుగా అరల దగ్గరికి వెళ్లనిచ్చాడు. పనివేళలు పొడిగించాడు. వచ్చినవాడి పక్కన నిలబడి అతనికి కావలసింది వెతికిపెట్టడం సిబ్బంది పని అన్నాడు. 1931లో వచ్చిన ఆయన పంచసూత్రాల్లో ఐదోది గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అంటుంది. 1933లో కోలన్ వర్గీకరణ వచ్చింది. ఒక అంశాన్ని దాని ముఖాలుగా విడగొట్టి తిరిగి కూర్చే ఆ పద్ధతిలో గణితజ్ఞుడి చెయ్యి కనిపిస్తుంది. దేశంలో లైబ్రరీ సైన్సు చదివిన ప్రతివారూ ఆ పద్ధతిలో నంబర్లు కట్టి చేతులు నొప్పి పుట్టించుకున్నవారే.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ అండతో నిలదొక్కుకున్న సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. భౌతిక శాస్త్రంలో సూరి భగవంతం, రసాయన శాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి అక్కడ నడిపిన ప్రయోగశాలలకు దేశమంతటా పేరు. కవి అబ్బూరి రామకృష్ణారావు ఆ విశ్వవిద్యాలయానికి గ్రంథాలయాధికారిగా పనిచేశారు. తెలుగు సాహిత్యం ఆయన్ని కవిగానే తలుచుకుంటుంది గానీ, ఆ లైబ్రరీ అరల మధ్యా ఆయనకు రుణపడిన పాఠకులున్నారు.

ఉస్మానియా ఇంకో దారి తొక్కింది. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. దానికోసం ప్రత్యేకంగా అనువాద విభాగం పెట్టి, సైన్సు పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుకున్నారు. పాఠ్యగ్రంథం వరకు ఆ దారి బాగా నడిచింది. పరిశోధనకు వచ్చేసరికి అక్కడా ఇంగ్లీషు, జర్మన్ జర్నళ్లే శరణ్యం.

జర్మన్ అన్నది ఊరికే అనలేదు. అప్పట్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదవాలంటే జర్మన్ రావాల్సిందే. బైల్‌స్టైన్ అనే మహా సంకలనం 1881లో మొదలైంది. ఏ పదార్థాన్ని ఎవరు ఎలా తయారుచేశారు, ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది అన్నదంతా అందులో ఉంటుంది. 1980ల దాకా అది జర్మన్‌లోనే వచ్చింది. అందుకే ఎమ్మెస్సీ అయ్యాక పిహెచ్‌డీలో చేరిన కుర్రాళ్లు సాయంత్రం పూట జర్మన్ సర్టిఫికెట్ కోర్సులో కూర్చునేవారు. జర్మన్ కవి గ్యోతే కోసం కాదు, బైల్‌స్టైన్ కోసం.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. జర్మన్ జర్నళ్లు రావడం యుద్ధం మొదలైనప్పుడే ఆగిపోయింది. ఇంగ్లండు నుంచి బయల్దేరిన కట్టలు చేరతాయో, ఓడతోపాటు మునుగుతాయో తెలియదు. అయినా అంతవరకు బైండు చేసిన సంపుటాలు ఉన్నాయి. శత్రుదేశాల ఆస్తుల మీద తమకున్న అధికారంతో అమెరికా ప్రభుత్వం బైల్‌స్టైన్‌నూ జర్మన్ సైన్సు పత్రికలనూ మళ్లీ అచ్చువేయించింది. మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో ఎడ్వర్డ్స్ కంపెనీ వేసిన ఆ ప్రతులు తర్వాత ప్రపంచంలోని ఎన్నో లైబ్రరీలకు చేరాయి. చందా ఆగింది, అరలు ఖాళీ కాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక సాయం పలు దారుల నుంచి వచ్చింది. 1951లో అమెరికా మనకు గోధుమలు కొనుక్కోవడానికి 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ఆ అప్పు మీద మనం కట్టే వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు మన ఉన్నత విద్యకే, ముఖ్యంగా పుస్తకాలకు, పరికరాలకు, లైబ్రేరియన్ల శిక్షణకు ఖర్చుపెట్టేలా చట్టంలోనే రాశారు. కరువులో తిన్న గోధుమల వడ్డీ ఇలా అరల్లోకి చేరింది. బ్రిటన్ నుంచి ఈఎల్‌బీఎస్ చవక ముద్రణలు వచ్చాయి. మాస్కో నుంచి మీర్ ప్రచురణలు. విశాలాంధ్ర పుస్తకాల షాపులోనో వాళ్ల సంచార వాహనంలోనో గట్టి అట్ట ఫిజిక్సు పుస్తకం సినిమా టికెట్టంత ధరకు దొరికిన రోజుల్ని మా తరం మరిచిపోదు. మీర్ వారి ఈరోడవ్ ఫిజిక్సు లెక్కలు ఇప్పటికీ మన ఐఐటీ కోచింగుల్లో నడుస్తున్నాయంటే ఆ చలవే.

పాఠ్యగ్రంథాల సంగతి అలా తీరింది. జర్నళ్ల కోసం 1952లో యునెస్కో సాయంతో ఢిల్లీలో ఇన్స్‌డాక్ పెట్టారు. మీ దగ్గర లేని వ్యాసం దేశంలో ఎక్కడుందో వాళ్లు వెతికి, ఫొటో తీసి పంపేవారు. రష్యన్‌లోనో జపనీస్‌లోనో ఉంటే అనువదించి పంపేవారు. బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ యూజీసీ నిధులతో కట్టిన కొత్త భవనంలోకి 1965లో మారింది. సరిగ్గా మరుసటి ఏడాది, 1966 జూన్‌లో, రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి ఏడున్నరకు ఎక్కింది. వంద డాలర్ల జర్నల్ నిన్న 476 రూపాయలు, నేడు 750. బడ్జెట్ మాత్రం నిన్నటిదే. ఏది మానేద్దామని ప్రొఫెసర్లు లైబ్రరీ కమిటీలో వాదులాడుకోవడం అప్పటినుంచి ఏటా జరిగే తంతు అయింది.

ఆ రోజుల్లో ఒక వ్యాసం వెతకడం ఎలా ఉండేదో ఇప్పటివారికి కొంచెం వివరంగా చెప్పాలి. ఉల్లిపొరల్లో ఉండే క్వెర్సెటిన్ అనే పసుపు పదార్థం గురించి ఇంతవరకు ఏం తెలుసో కావాలనుకోండి. 1907 నుంచి అమెరికన్ కెమికల్ సొసైటీ వేస్తున్న కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ దగ్గరికి వెళ్లాలి. సైన్సు లైబ్రరీలో ఒక గోడంతా అదే. ఐదేళ్లకొకటి చొప్పున వచ్చే కలెక్టివ్ ఇండెక్సు పట్టాలి. ఫార్ములా ఇండెక్సులో ముందు కార్బన్ లెక్క, తర్వాత హైడ్రోజన్, ఆపైన మిగిలిన మూలకాలు అక్షరక్రమంలో. కార్బన్ 15, హైడ్రోజన్ 10, ఆక్సిజన్ 7 కింద చూస్తే అవే పరమాణువులున్న వేరే పదార్థాలు బోలెడు. 1970ల తర్వాతి సంపుటాల్లో క్వెర్సెటిన్ అన్న పేరుతో వెతికితే లాభం లేదు, బెంజోపైరాన్ అని మొదలయ్యే బారెడు పేరు కింద ఉంటుంది. 117-39-5 అనే రిజిస్ట్రీ నంబరు తెలిస్తే కాస్త తెరిపి. అక్కడ సంపుటం నంబరు, సంగ్రహం నంబరు, ఎత్తిరాసుకోవడంలో తప్పు పడితే తెలియడానికి చివరన ఒక అక్షరం ఉంటాయి. వాటన్నిటినీ చీటీల మీద రాసుకుని, ఒక్కో బరువైన సంపుటం దించి, వేలితో ఆ నంబరు పట్టుకుంటే పదిహేను లైన్ల సంగ్రహం. అది పనికొచ్చేలా ఉంటే జర్నల్ పేరు, అదీ పొడి అక్షరాల్లో. పూర్తి పేరు తెలుసుకోవడానికి ఇంకో లావుపాటి పుస్తకం. అప్పుడు మన లైబ్రరీలో ఆ జర్నల్ ఉందో లేదో కార్డులు తిప్పి చూడాలి.

ఉంటే అదృష్టం. ఉన్నా, ‘ఆ వాల్యూమ్ బైండింగుకి వెళ్లింది సార్, వచ్చే నెల రండి’ అనే మాట వినాల్సి రావచ్చు. ఏడాది సంచికలు పోగయ్యాక వరస సరిచూసి, రాని సంచికకు ఏజెంటుకు ఉత్తరం రాసి, అది వచ్చేదాకా ఆగి, ప్రకటనల పేజీలు తీసేసి, దారంతో కుట్టి, వెన్నున బంగారు రంగు అక్షరాలతో పేరూ ఏడూ అచ్చొత్తించేవారు. జర్నల్ విభాగంలోని గుమాస్తాకు ఏ సంచిక రాలేదో కంఠతా వచ్చు. సైన్సు చరిత్రలో ఆయన పేరు ఎక్కడా కనిపించదు గానీ, ఆయన ఒక ఉత్తరం రాయడం మరిచిపోతే ఆ సంపుటంలో ఎప్పటికీ పూడని ఖాళీ మిగిలేది.

ఆ జర్నల్ మన దగ్గర లేకపోతే పోస్టుకార్డు. ‘ఫలానా జర్నల్‌లో మీ వ్యాసం రీప్రింటు పంపగలరు’ అని ముందే అచ్చువేయించుకున్న కార్డులు ప్రతి స్కాలరు డెస్కులోనూ కట్టలుగా ఉండేవి. ఎక్కడో ప్రాగ్‌లోనో ఒసాకాలోనో ఉన్న పెద్దమనిషి, మనమెవరో తెలియకపోయినా, తన ఖర్చుతో పంపేవాడు. ఆ కవర్లు వచ్చిన రోజు డిపార్టుమెంటులో పండగే. శాస్త్రవేత్తల మధ్య ఆ మర్యాద ఎంత గొప్పదో తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది.

1964లో ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఒక పాత వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉటంకించారో అది చెబుతుంది. అంతవరకు వెతుకులాట వెనక్కే నడిచేది, ఇప్పుడు ముందుకూ నడిచింది. అది వెతకడానికి పుట్టిన సాధనం. తర్వాత్తర్వాత మనుషులకు మార్కులు వేసే కొలబద్దగా మారి, ప్రమోషన్ల ఫైళ్లలోకి ఎక్కింది. ఆ మార్పు వల్ల సైన్సుకు మేలు కన్నా కీడే ఎక్కువ జరిగిందని నా నమ్మకం.

1970లు, 80లలో జర్నళ్ల ధరలు మామూలు ధరల కన్నా వేగంగా పెరిగాయి. సొసైటీలు నడిపే పత్రికల పక్కన వ్యాపార సంస్థల పత్రికలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. రాసేది శాస్త్రవేత్త, తప్పులు చూసేదీ శాస్త్రవేత్తే, ఇద్దరికీ పైసా రాదు. వాళ్ల విశ్వవిద్యాలయమే దాన్ని తిరిగి డబ్బు పెట్టి కొనాలి. ఈ లెక్కలోని అన్యాయం అందరికీ తెలుసు, అయినా పేరున్న పత్రికను ఎవరూ వదులుకోలేరు. అలాంటి సమయంలో 1991 వచ్చింది. జులై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 నుంచి 26 రూపాయల దగ్గరికి చేరింది. దేశం దగ్గర విదేశీ మారకం నిండుకుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో జర్నళ్ల జాబితాల మీద ఎర్ర సిరా పడింది. అదే ఏడాది సోవియట్ యూనియన్ కూలి, చవక పుస్తకాలూ ఆగిపోయాయి. లైబ్రరీలో ర్యాకు దగ్గర నిలబడితే ఆ సంవత్సరం కంటికి కనిపిస్తుంది. ఒక రంగు బైండింగుతో వరసగా వచ్చిన సంపుటాలు చటుక్కున ఆగిపోయి, ఆపైన చెక్క. కానీ ఆగిన చోటి దాకా ఉన్నవన్నీ మనవే. ఇవాళ వెళ్లినా తీసి చదువుకోవచ్చు.

అదే 1991లో రెండు కొత్త సంగతులు మొదలయ్యాయి. ఒకటి, విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలపడానికి యూజీసీ మొదలుపెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్. ఇంకోటి, లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ పెట్టిన ఆర్కైవ్. భౌతిక శాస్త్రవేత్తలు వ్యాసం అచ్చుకు ముందే అందులో పెడతారు, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అప్పుడు మన దగ్గర చాలామందికి ఈమెయిలు కూడా లేదు. పదేళ్లు గడిచేసరికి మన ఫిజిక్సు స్కాలర్లు పొద్దున్నే పేపరు కన్నా ముందు దాన్ని చూసేవారు. రీప్రింటు కార్డులో ఉన్న మర్యాదే ఇక్కడ మళ్లీ బతికిందనిపిస్తుంది.

తొంభైల్లో లైబ్రరీల లోపల జరిగిన మార్పు నెమ్మదిగా, చడీచప్పుడు లేకుండా జరిగింది. యునెస్కో ఉచితంగా ఇచ్చిన సీడీఎస్/ఐసిస్ సాఫ్ట్‌వేరులో కేటలాగు ఎక్కించారు. తర్వాత ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ వచ్చింది. బార్‌కోడ్లు అతికించారు. కార్డుల సొరుగులు మూలకు చేరాయి.

అసలు మలుపు 2003. ఐఐటీలు, బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థల కోసం ఇండెస్ట్ కన్సార్షియం ఏర్పడింది. ఆ డిసెంబరులోనే రాష్ట్రపతి అబ్దుల్ కలాం యూజీసీ ఇన్ఫోనెట్ డిజిటల్ లైబ్రరీ కన్సార్షియాన్ని ప్రారంభించారు. విశ్వవిద్యాలయాల తరఫున ఢిల్లీయే బేరమాడి చందా కడుతుంది, స్కాలరు తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుని చదువుకుంటాడు. అనంతపురంలో, వరంగల్‌లో, తిరుపతిలో అంతకు ముందు ఎన్నడూ అచ్చులో చూడని జర్నళ్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. 2010లో ఎన్-లిస్ట్ వచ్చి ఎయిడెడ్ డిగ్రీ కాలేజీల దాకా ఏడాదికి కొద్ది వేల రుసుముతో ఆ సౌకర్యాన్ని తీసుకెళ్లింది. 2015లో ఈ మూడింటినీ కలిపి ఈ-శోధ్‌సింధు అన్నారు. ఇందులో జరిగిన మేలును తక్కువ చేసి చెప్పడం పాపం. చిన్న విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే పిల్లలకు ఇంతటి సమానత్వం అంతకు ముందు ఏ పథకమూ ఇవ్వలేదు.

ఆ దశాబ్దంలోనే ఇంకొన్ని మంచి పనులు జరిగాయి. బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ 2002లో తమ శాస్త్రవేత్తల వ్యాసాల కోసం దేశంలోనే మొదటి ఉచిత భాండాగారం తెరిచింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కంప్యూటర్ సైన్సులో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి చొరవతో పది లక్షల పుస్తకాల స్కానింగు మొదలైంది. హైదరాబాదులోనూ ఆ పని సాగింది, మన పాత తెలుగు పుస్తకాలు ఎన్నో దానివల్లే ఇవాళ తెర మీద దొరుకుతున్నాయి. 2009లో యూజీసీ పిహెచ్‌డీ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని నియమం పెట్టింది. అలా వచ్చినవి శోధ్‌గంగలో చేరుతున్నాయి.

2010 జనవరి నుంచి కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ అచ్చు ఆగిపోయింది. బైల్‌స్టైన్ అచ్చు అంతకు పన్నెండేళ్ల ముందే ఆగింది. మా తరం అరగంట నిలబడి వెతికింది ఇప్పుడు బొమ్మ గీసి బటన్ నొక్కితే క్షణంలో వస్తుంది. అది గొప్ప సౌకర్యం. కానీ గోడంతా పరుచుకున్న ఆ సంపుటాలు కొన్నప్పుడు మన సొంతం, ఈ డేటాబేసు ఏడాది ఏడాదికీ కట్టే కిరాయి. సొంతిల్లు చిన్నదైనా ఖాళీ చేయమనేవాడు ఉండడు, అద్దె బంగళా ఎంత పెద్దదైనా నెల తప్పితే తాళం పడుతుంది. విదేశాల్లో ముందుచూపున్నవారు దీనికి ఏర్పాట్లు చేసుకున్నారు. 1995లో జేస్టోర్ పాత సంచికలను పదిలపరచడం మొదలుపెట్టింది. బ్రిటన్ లైబ్రరీలు 2007లో ఒక ఒప్పందానికి వచ్చాయి. ప్రతి జర్నల్‌కూ దేశంలో కనీసం మూడు అచ్చు ప్రతులు భద్రంగా ఉంచి, మిగిలిన చోట్ల అరలు ఖాళీ చేసుకుందామని. ఎవరికి తోచినట్టు వారు పాత సంపుటాలను తూకానికి వేయకుండా అది కాపాడింది.

సేవల సంగతికి వస్తే, లైబ్రేరియన్ పనే వేరైపోయింది. 2018లో యూజీసీ గ్రంథచౌర్యం నిబంధనలు తెచ్చాక థీసిస్ సాఫ్ట్‌వేరులో పెట్టి పోలిక పది శాతం లోపు ఉందో లేదో చూసి చెప్పడం లైబ్రరీకి పెద్ద పనైంది. కరోనా రోజుల్లో ఇంటి నుంచే లాగిన్ ఇప్పించడానికి సిబ్బంది పగలూ రాత్రీ ఫోన్లలో ఉన్నారు. రీడింగ్ హాలులో కూర్చునేవారూ మారారు. జర్నల్ చదివే స్కాలరు తన గదిలోనే ఉంటాడు కాబట్టి, కుర్చీలన్నీ గ్రూప్స్, నెట్, గేట్ పరీక్షలకు చదివేవారితో నిండిపోతున్నాయి. తెల్లవారకముందే సంచి పెట్టి సీటు ఆపుకుంటున్నారు. కొందరు ప్రొఫెసర్లు దీనికి చిరాకుపడతారు. నేను పడను. ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లవాడికి ఫ్యాను కింద ఒక కుర్చీ ఇవ్వడం కూడా లైబ్రరీ పనే. అయితే రంగనాథన్ చెప్పినట్టు పక్కన నిలబడి వెతికిపెట్టే మనిషి తగ్గిపోయాడు. పదవీ విరమణ చేసినవారి స్థానాల్లో కొత్తవారిని వేయక, ఒక్కరే ముగ్గురి పని చేస్తున్న లైబ్రరీలు మన రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. ఏ డేటాబేసు ఉందో తెలియక, దాని కోసం దేశం కట్టిన చందా తెలియక, గూగుల్‌లో దొరికిన ముక్కతో సరిపెట్టుకునే స్కాలర్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది పాఠకులు. గుత్తిలో మొదలైన ఆలోచన దేశమంత పెద్దదైంది. శ్రీకాకుళంలో, ఆదిలాబాదులో సర్కారీ డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలికి ఐఐటీ ప్రొఫెసరుకు అందే జర్నలే అందుతుంది. ఇది చిన్న విషయం కాదు. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలకు ఇందులో చోటు లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ఉన్నది అక్కడే. రెండో దశ వాళ్లతోనే మొదలవాలి.

2027 డిసెంబరుతో ఈ మూడేళ్ల గడువు తీరుతుంది. ఆ తర్వాత ఏదో ఒక ప్రచురణ సంస్థతో బేరం కుదరలేదనుకుందాం. 1991లోలా చెక్క కనిపించే ర్యాకు కూడా ఉండదు, తెర మీద డబ్బు అడిగే పేజీ వస్తుంది. డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు మనకు శాశ్వతంగా దక్కేలా ప్రతి ఒప్పందంలోనూ రాయించాలి, దేశంలోనే ఒక చోట ప్రతి దాచుకునే హక్కు తీసుకోవాలి, ఆ షరతులేమిటో ప్రతి విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌కూ తెలియజెప్పాలి.

మనది మనం దాచుకుంటే ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1934లో సి.వి. రామన్ బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించి దాని ప్రొసీడింగ్స్ మొదలుపెట్టారు. పత్తి పువ్వుల్లోని పసుపు పదార్థాల మీద శేషాద్రి, ఆయన శిష్యులు వాల్తేరులో చేసిన పని చాలావరకు అందులోనే వచ్చింది. ఆ అకాడమీ తన పాత సంచికలన్నిటినీ మొదటినుంచీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. ఇవాళ ఏ ఊరి కుర్రాడైనా, ఏ కాలేజీవాడైనా, ఫోనులో వాటిని తెరిచి చదువుకోవచ్చు. చందా లేదు, లాగిన్ లేదు.

మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా ఆ దారి పట్టనివి ఉన్నాయి. టైపు మిషను మీద కొట్టి, కార్బన్ పేపరుతో ప్రతులు తీసి, గ్రాఫులు చేత్తో గీసి సమర్పించిన పాత సైన్సు థీసిస్‌లు అవి. జర్నల్ పాత సంపుటం ఇక్కడ పోతే ఇంకో దేశంలోనైనా దొరుకుతుంది. వీటికి లైబ్రరీలో ఉన్న ప్రతి, రాసినవారి ఇంట్లో ఉంటే ఉన్న ప్రతి, అంతే. ఆ కాగితం ఇప్పటికే పసుపెక్కి, మడత దగ్గర విరుగుతోంది. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు రెండూ కలిసి, అన్నిటికన్నా పాత సంవత్సరం నుంచి మొదలుపెట్టి, వాటిని స్కాన్ చేయించాలి. స్కానర్లు ఉన్నాయి, పెట్టడానికి శోధ్‌గంగ ఉంది, కావలసింది ఇద్దరు ముగ్గురు మనుషులను ఆ పనికి వేయడం.